మడవ తిప్పాల్నా?

బళ్లారి జిల్లా సండూరు తాలూకా చోరనూరులో పద్మనాభ ఇంటివాళ్లు మాట్లాడరు. గొడవలుండి కాదు, అవసరం పడదు. వాళ్లింటి పిల్లి కూడా అరవకుండా వచ్చి గిన్నె పక్కన కూర్చుంటుందని, అది చూసి ఎవరో ఒకరు పాలు పోస్తారని ఊళ్లో ఎగతాళి. పద్మనాభ దోణిమలై ఇనుపరాతి గనుల దగ్గర టిప్పరు తోలుతాడు. పొద్దున తెల్లచొక్కాతో పోయి సాయంత్రం ఎర్రచొక్కాతో వస్తాడు. భార్య నాగరత్నమ్మ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పగలంతా పిల్లల కేకలు విని ఇంటికొచ్చి, ఆ ఇంటి నిశ్శబ్దాన్ని చన్నీళ్లలా ముఖం మీద చల్లుకుంటుంది. ఇక మిగిలింది పద్మనాభ తల్లి యశోదమ్మ, కొడుకు చక్రధర్. మూడెకరాల సేద్యం ఆ ఇద్దరిదే.

సేద్యంలోనైనా వాళ్ల మధ్య నడిచే మాటలు మూడే. బోరుకు కరెంటు తెల్లవారుజామున వచ్చేది. మొక్కజొన్న మనిషెత్తు పెరిగాక ఈ చివరనున్నవాడికి ఆ చివర మనిషి కనపడదు. చక్రి పార పట్టుకొని కాలవ గట్టు మీద నిలబడేవాడు. మడిలోకి నీళ్లు పోవడానికి గట్టులో చిన్న గండి ఉంటుంది, దాన్ని మడవ అంటారు. ఒక మడి నిండాక దాని మడవ మట్టితో మూసి, పక్క మడికి తెరవాలి. నీళ్లు చివరిదాకా చేరాయో లేదో చూసేది అవతలి గట్టున కూర్చున్న అవ్వ.

"అవ్వా, నిండిందా?"

ఆకుల గలగల.

"మడవ తిప్పాల్నా?"

"ఊఁ."

అంతే. ఆ ఊఁ వినపడితే ఒక పారెడు మట్టి ఇటు, ఒక పారెడు అటు. నీళ్లు తల తిప్పుకొని కొత్త మడిలోకి పోయేవి. వినపడకపోతే ఆగాలి. ఏడేళ్లప్పటి నుంచి పద్దెనిమిదేళ్లదాకా చక్రికి లోకం ఈ పద్ధతిలోనే నడిచింది. అడగడం, ఆగడం, ఊఁ అన్నాక తిప్పడం.

యూనివర్సిటీలో బి.ఎస్సీ. సీటు వచ్చింది. ఆగస్టులో ఒక ఆదివారం పద్మనాభ కొడుకును బళ్లారి తీసుకొచ్చి, కంటోన్మెంట్ వెనక పాత రాతి కట్టడంలో ఉన్న హాస్టలు గేటు ముందు నిలబెట్టాడు. తండ్రీకొడుకులిద్దరూ కాసేపు దూరంగా కనపడే రాతిగుట్టను చూశారు. చూడ్డానికి అక్కడ అంతకన్నా ఏమీ లేదు.

"ఉగాది దాంకా చూడు," అన్నాడు పద్మనాభ. ఆయన లెక్కకు అది ప్రసంగం. రెండడుగులు పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. "కుదరకుంటే వచ్చేయ్. టిప్పరు ఉండనే ఉండాది."

ఆ మాట మేలు చేసిందో కీడు చేసిందో చెప్పడం కష్టం. లేచి వెళ్లిపోవాలనుకున్న మనిషి అరుగు మీద కూర్చున్నా చెప్పులు విడవడు. చక్రి బ్యాగులోంచి బట్టలు బయట పెట్టలేదు. రోజూ ఒక జత తీసి తొడుక్కోవడం, ఉతికి ఆరేసి మళ్లీ బ్యాగులోనే మడిచి పెట్టడం. గదిలో గోడకు నాలుగరల అలమర ఉంది. పై రెండూ ఒకరికి, కింది రెండూ ఇంకొకరికి. ఖాళీగా ఉన్న చక్రి అరల్లోకి శరణ్ పుస్తకాలు ఒక్కొక్కటీ దిగి వచ్చి కాపురం పెట్టేశాయి.

శరణ్ అతని గదిలోని రెండోవాడు. బాగల్‌కోట వైపు పిల్లవాడు, తెలుగు ముక్క రాదు. ఇద్దరి మధ్యా కన్నడమే. మాట్లాడేది శరణ్, వినేది చక్రి. శరణ్ పళ్లు తోముతూ మాట్లాడతాడు, తల తుడుచుకుంటూ మాట్లాడతాడు, ఇంకెవరూ దొరక్కపోతే ఫ్యానుతో మాట్లాడతాడు. రోజూ సాయంత్రం ఫోనులో "అవ్వా, అవ్వా" అంటూ అరగంట.

"మీ అవ్వకు ఎన్నేళ్లు?" అని ఒకసారి చక్రి అడిగాడు.

"నలభై."

చక్రి వేళ్ల మీద లెక్క వేశాడు, కుదరలేదు. వాళ్ల వైపు కన్నతల్లినే అవ్వ అంటారని తెలియడానికి అతనికి వారం పట్టింది.

యూనివర్సిటీ ఊరి బయట. సిటీ బస్సులో పోవాలి. చోరనూరు బడిలో చక్రి చదివింది కన్నడంలో. ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషు. ఫిజిక్సు చెప్పే వినూత మేడం మంచి మనిషే, గొంతు కూడా మంచిదే. ఆ గొంతు మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా నిండుకాలవలా పారుతూ పోయేది. చక్రి గట్టున నిలబడి చూసేవాడు. తన మడిలోకి ఎక్కడ గండి కొట్టుకోవాలో అతనికి తెలియలేదు. పక్కవాళ్లు రాసుకుంటుంటే తనూ పెన్ను పట్టుకునేవాడు.

"చక్రధర్, అర్థమవుతోందా?" అని ఆమె అడిగేది.

తల ఊపేవాడు. ఆ తల ఊపే పద్ధతిలో 'అవును' ఎంతుందో 'కాదు' అంతే ఉండేది.

మొదటి ఇంటర్నల్స్‌లో ఇరవైకి ఆరు వచ్చాయి. చదవలేదని కాదు. అసలు సంగతి వేరే ఉంది. అతనికి అలసట. పగలంతా ఏ పనీ చేయని మనిషికి పొద్దున లేచేసరికి భుజాలు నొప్పి, అరచేతులు మంట, మడమలు బరువు. క్లాసులో కూర్చోగానే కళ్లు మూతలు పడేవి.

ఎందుకంటే నిద్రలో అతను నీళ్లు కట్టేవాడు.

కలలో ఎప్పుడూ అదే తెల్లవారుజాము, అదే బూడిదరంగు వెలుతురు. మొక్కజొన్న మాత్రం ఊళ్లోది కాదు. హాస్టలు వరండాలో రాతిబండల సందుల్లోంచి లేచేది, మెట్లమీద వరసగా నిలబడేది. నీళ్లు మంచాల కిందుగా చల్లగా పాకి పోయేవి. వినూత మేడం చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకొని, చీలమండల లోతు నీళ్లలో నడుస్తూ పాఠం చెప్పేది. కంటోన్మెంట్ రాతిగోడలు తడిసి నల్లబడేవి. చక్రి పార పట్టుకొని కేకేసేవాడు.

"అవ్వా, నిండిందా?"

ఎక్కడో ఆకుల అవతల ఎవరో ఉన్నట్టే ఉండేది. ఊపిరి వినపడేది. ఊఁ మాత్రం రాదు. దానికి బదులు, "ఏన్లే? యార్దు?" అని కన్నడంలో ఒక గొంతు అడిగేది. ఏంటీ? ఎవరిదీ? పొలానికి కొత్త మనిషెవరో వచ్చారనుకొని చక్రి మళ్లీ అడిగేవాడు. ఆ గొంతు మళ్లీ ప్రశ్నే వేసేది. నీళ్లు మడి దాటేవి, గట్టు మెత్తబడేది. ఊఁ అనకుండా మడవ తిప్పడానికి చేతులు రావు. అలా పొద్దు పొడిచేదాకా నిలబడి నిలబడి, కట్ట తెగుతుందనగా మెలకువ వచ్చేది. కళ్లు తెరిస్తే పక్క మంచం మీద శరణ్ మోకాళ్లు ముడుచుకొని కూర్చొని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకొని, జాలిగా చూస్తూ ఉండేవాడు.

"నిద్ర పట్టిందా?" అనేవాడు. ఆ ఒక్క పూట మాత్రం ఇంకేమీ మాట్లాడేవాడు కాదు.

సంక్రాంతి పోయిన తరవాత ఒక వింత మొదలైంది. అందరూ చక్రితో మంచిగా ఉండసాగారు. స్నానానికి వరసలో ముందుకు పొమ్మనేవాళ్లు. సీనియర్లు భుజం మీద చెయ్యేసి, "మేమంతా ఉన్నాం" అనేవాళ్లు. ఎక్కడ ఉన్నారో, ఎందుకు ఉన్నారో చెప్పేవాళ్లు కారు. మెస్సులో వడ్డించే దుర్గక్క, బళ్లారి మనిషి, గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, అతని కంచంలో రెండో ముద్ద పెట్టి చెంగుతో కళ్లు ఒత్తుకునేది.

"గుండె దిటవు చేసుకో నాయనా. నాకూ పద్నాలుగేండ్లకే అయిపాయె. అప్పుడు నన్నడిగినోళ్లు యాడుండారు?"

"ఏంది అక్కా అయిపాయె?"

"ఏంల్యాలే. తిను. ఇంకొంచెం సారు పోయాల్నా?"

యూనివర్సిటీ అంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాడు చక్రి. మొదటి ఆర్నెల్లు పలకరించరు, తరవాత కారణం చెప్పకుండా దయ చూపిస్తారు. ఏదైనా ఇంక ఎన్నాళ్లు? ఉగాది నెలన్నరలో ఉంది. రెండో ఇంటర్నల్స్‌లో ఇరవైకి అయిదు. బ్యాగు సర్దే పని కూడా లేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం వార్డెను రాజగోపాలయ్య చోరనూరుకు ఫోను చేశాడు. ఆయన బళ్లారి బజారులో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేసే ఇంట్లోంచి వచ్చినవాడు. మాట మెత్తన. ఆ ఫోను సంగతి తరవాత ఎన్నిసార్లు చెప్పుకొని నవ్వాడో లెక్కలేదు.

"పద్మనాభప్పా, హాస్టలు వార్డెన్ని మాట్లాడతాండా."

"ఊఁ."

"మీ పిల్లోని పెండ్లి సంగతి మాట్లాడల్లని..."

అవతల టిప్పర్ల హారన్లు వినపడ్డాయి. ఒక బండి లోడు దింపి పోయేంత సేపు గడిచింది.

"యా పిల్లోడు?"

"మీకెంతమందప్పా పిల్లోళ్లు?"

"ఒకడే."

"వాడే!"

మళ్లీ హారన్లు. ఆ తరవాత పద్మనాభ అన్నాడట, "మాయమ్మను పంపిస్తా."

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు చక్రిని ఆఫీసు గదికి పిలిచారు. పోయి చూస్తే ప్లాస్టిక్ కుర్చీలో అవ్వ. కాళ్లు పైకి మడిచి పెట్టుకొని, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకొని, గోడకున్న క్యాలెండరు చూస్తోంది. మనవడిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "చిక్కినావు," అంది. మళ్లీ క్యాలెండరు వైపు తిరిగింది.

వార్డెను కాఫీ తెప్పించాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, కోప్పడగూడదు. నేనూ బిడ్డలుండేవాన్నే. పిల్లోనికి పద్దెనిమిదేండ్లు. గవర్మెంటు రూలు ప్రకారం మొగపిల్లోనికి ఇరవై ఒకటి నిండల్ల. ఇష్టంల్యాదని పాపం నిద్దట్లో గూడా మొత్తుకుంటాండాడు. మీరు పెద్దోళ్లు, మూడేండ్లు నిదానిస్తే..."

"ఎవురికి సామీ పెండ్లి?" అంది అవ్వ.

"మీ మనవనికేనమ్మా."

అవ్వ చక్రి వైపు తిరిగింది. "ఏమిరా, పెండ్లి చేసుకుంటాండావా? మాటన్నా చెప్పకపోతివే. పిల్లది యా ఊరు?"

"నాకు తెలీదవ్వా," అన్నాడు చక్రి. అంతకన్నా నిజమైన మాట అతను ఆ సంవత్సరంలో చెప్పలేదు.

వార్డెను తికమకపడి శరణ్‌ను పిలిపించాడు. శరణ్ నోటుబుక్కు పట్టుకొని, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. అతని మాటలు వార్డెను తెలుగు చేసి అవ్వకు చెప్పాడు. ఆగస్టు నుంచీ చక్రి నిద్రలో మాట్లాడుతున్నాడు. పగలు నోరు తెరవని మనిషి తెల్లవారుజామున ఏడ్చినట్టు అడుగుతున్నాడు. భాష తెలియదు కాబట్టి శరణ్ చెవిన పడింది పడినట్టు కన్నడ అక్షరాల్లో రాసుకున్నాడు. రాసుకున్నాక చూస్తే కొన్ని మాటలు తెలిసినవే.

"చదువు," అన్నాడు వార్డెను.

శరణ్ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, నొందిద్దా? అవ్వా, మదువె తప్పాల్నా? కట్టు తెగితాదవ్వా..."

శరణ్ వైపు అవ్వ అంటే తల్లి. నొందిద్దా అంటే నొచ్చుకున్నాడని. మదువె అంటే పెళ్లి. కట్టు అంటే కట్టడం, పెళ్లి మాట రానే వచ్చింది కాబట్టి తాళే అయివుంటుంది. తప్పాల్నా ఒక్కటీ తెలియక మెస్సులో దుర్గక్కను అడిగాడు. "తప్పించుకోవాల్నా అని అడుగుతాండాడు బిడ్డ," అని ఆమె అక్కడే గరిటె పట్టుకొని ఏడ్చింది. ఆ మధ్యాహ్నానికే హాస్టలంతా తెలిసిపోయింది. ఇష్టంలేని పెళ్లి తప్పించమని కన్నతల్లిని కలలో వేడుకుంటున్న కుర్రవాడు! వాడితో మంచిగా ఉండాలని అందరూ తీర్మానించుకున్నారు.

అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంటివాళ్లు నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. భుజాలు చాలాసేపు ఎగిరాయి.

"మదువె కాదు నాయనా, మడవ! మ-డ-వ!"

"మడవంటే ఏందమ్మా?" అన్నాడు వార్డెను. తెలుగు ఇంట్లో పుట్టిన మనిషే, అయినా ఆయనకు నీళ్లంటే కొళాయి.

అవ్వ సాసరులో ఒలికిన కాఫీలో వేలు ముంచి, బల్ల మీది అద్దంపైన గీతలు గీసింది. ఇది కాలవ. ఇవి మళ్లు. ఇదో, ఇది మడవ. వీడు ఈడ నిలబడుకుంటాడు, నేను ఆడ కూచోనుంటా. నొందిద్దా కాదు, నిండిందా. కట్టు కాదు, కట్ట. కాఫీ గీత ఒకటి నిజంగానే పొంగి పక్క మడిలోకి పోయింది. ముగ్గురూ వంగి దాన్ని చూశారు.

చక్రి మాత్రం చూడలేదు. అతను వేరే చోట ఆగిపోయాడు. "నేను కలవరిస్తానా అవ్వా?"

"పుట్టినప్పట్నుంచీ."

"మరి నాకు చెప్పకపోతివే?"

"కలవరించేటోనికి చెప్పగూడదురా. చెప్తే మాట నోట్లోనే నిలిచిపోతాది." ఒళ్లో సంచి సర్దుకుంటూ అంది, "పగలు మాట్లాడవు. ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడల్ల గదా."

అవ్వ శరణ్ వైపు తిరిగింది. "నువ్వేమంటాంటివి నాయనా, వీడట్ల అడిగినప్పుడు?"

వార్డెను కన్నడంలో అడిగాడు. "ఏనాయ్తు అంత కేళ్తిద్దె సార్," అన్నాడు శరణ్. ఏమైంది, ఎవరిది పెళ్లి అని అడిగేవాడట. ఓదార్చాలనే.

అవ్వ నుదురు కొట్టుకుంది. "అదే! అదే చేటు! కలవరించేటోన్ని పేరు పెట్టి పిలవగూడదు, ఏంది అని అడగగూడదు. అడిగితే వాడు తెల్లారే దాంకా చెప్తానే ఉంటాడు. ఊఁ అనల్ల. అంతే. ఊఁ అంటే తిప్పేసి పండుకుంటాడు. నేను పదకొండేండ్లు నా మంచంలోంచే అంటాంటి."

చక్రికి భుజాల నొప్పి ఒక్కసారి గుర్తొచ్చింది. ఆర్నెల్లుగా కలలో ప్రశ్నలడిగిన ఆ కొత్త గొంతు ఎవరిదో తెలిసింది. శరణ్ వైపు చూశాడు. శరణ్ నోటుబుక్కు మూసి, చెవులు ఎర్రగా చేసుకొని, నేల చూస్తున్నాడు. తెల్లవారుజామున నిద్ర పాడుచేసుకొని లేచి కూర్చున్నందుకు ఇంతవరకు ఒక్కమాట కసురుకోని మనిషి.

బయట విజిటర్ల గదిలో రాతి బెంచీ మీద అవ్వ సంచి విప్పింది. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, వంకాయ కూర. ముగ్గురూ తిన్నారు. శరణ్ తింటూ కూడా మాట్లాడాడు. అవ్వకు అర్థం కాకపోయినా తల ఊపింది. అతను కాలేజీతో మొదలుపెట్టి వాళ్ల ఊరి చెరకు దాకా చెప్పాడు. అతను నీళ్లకని లేచినప్పుడు అవ్వ మెల్లగా అంది.

"నాయన నిన్ను పిల్చుకోని రమ్మన్యాడు. పిల్లోడు ఆడ కష్టపడతాండాడేమో అన్యాడు. నాలుక్కు సండూరు బస్సు ఉండాది. వస్తావా?"

చక్రి రొట్టె ముక్కకు పొడి అద్దుకున్నాడు.

"బ్యాగు సర్దేదుండాదా?"

"సర్దే ఉండాది."

"ఎప్పట్నుంచి?"

"ఆగస్టు నుంచి."

అవ్వ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. శరణ్ వచ్చాక సైగ చేసి, పై గదిలోని బ్యాగు తెప్పించి తన పక్కన పెట్టుకుంది. మధ్యాహ్నం ఎండ గుట్ట మీద పడి, గుట్ట వేడి కిందికి దిగుతోంది. ఎక్కడో బట్టలు ఉతుకుతున్న చప్పుడు దూరమవుతూ దగ్గరవుతూ వినపడుతోంది. బెంచీ రాయి మాత్రం చల్లగా ఉంది. అవ్వ పక్కన ఉందన్న ధైర్యమో, కడుపులో రొట్టె బరువో, చక్రి అలాగే ఒరిగి కళ్లు మూశాడు.

బూడిదరంగు వెలుతురు. మొక్కజొన్న ఈసారి ఎంత ఎత్తుందంటే ఆకుల మధ్యనుంచి ఆకాశం రిబ్బను ముక్కలా కనపడుతోంది. నీళ్లు వస్తున్నాయి, పాదాలకు తగులుతున్నాయి. ఎన్నో మళ్లు నిండివున్నాయి. ఆర్నెల్లుగా ఒకే చోట నిలిచిన నీళ్లు, పైన పలచగా ఆకాశం. అవతల వరసగా ఎండు మళ్లు, పెదవులు పగిలినట్టు నెర్రెలు. ఒక మడిలో సిటీ బస్సు ఆగివుంది. ఒక మడిలో బెంచీలు. అన్నీ ఎండిపోయే ఉన్నాయి.

"అవ్వా, నిండిందా?"

ఆకుల గలగల.

"మడవ తిప్పాల్నా?"

ఆకుల అవతల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. చెప్పాల్సింది ఎంతో ఉండి, అదంతా మింగి, ఒక్కమాట కోసం వెతుక్కుంటున్న మనిషి ఊపిరి అది.

"హూఁ."

అవ్వ ఊఁలో హ ఉండదు. చక్రి కలలోనే ఒక్క క్షణం ఆగి ఆ హ విన్నాడు. ఇంత మట్టి తీసి ఇటు వేశాడు. ఇంత మట్టి అటు లాగాడు. నిలవ నీళ్లు ఒళ్లు విరుచుకొని, తల తిప్పుకొని, ఎండు మడిలోకి పోయాయి. నెర్రెలు సుయ్యిమన్నాయి. అతను పార గట్టుకు ఆనించి, ఎన్నో నెలల తరవాత, కలలోనే కూర్చున్నాడు. ఆ తరవాత కల లేదు.

లేచేసరికి ఎండ గోడ దిగి వాకిట్లోకి పోయింది. భుజాలు తేలికగా ఉన్నాయి. చేతులు ఎవరివో కొత్తవిలా ఉన్నాయి. బెంచీ అవతలి చివర శరణ్ ఒక్కడే, చక్రి బ్యాగు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

"అవ్వ?"

"నాలుగు గంటల బస్సుకు పోయింది. నేనే ఎక్కించి వచ్చాను. లేపుదామంటే వద్దని చెయ్యి ఊపింది." శరణ్ కొంచెం గొంతు తగ్గించాడు. "నువ్వు అడిగావు. అవ్వ ఊఁ అనలేదు. నా వైపు వేలు చూపించింది. నాకు నోట్లో పది ప్రశ్నలు వచ్చాయిలే, ప్రాణం పోయినట్టయింది. అన్నీ ఆపుకొని ఒక్కటే అన్నాను. సరిగ్గానే అన్నానా?"

"ఊఁ," అన్నాడు చక్రి.

"ఆ తరవాత నీ బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టింది. తెలుగులో ఏదో చెప్పింది, ఈసారి తప్పు రాకుండా బట్టీ పట్టాను." శరణ్ కళ్లు మూసుకొని అప్పజెప్పాడు. "ఆరుకు కడబస్సు. వస్తే రానీ. ల్యాకుంటే ఉగాదికి వచ్చి ఒబ్బట్లు తిని పోనీ."

చక్రి గోడ గడియారం చూశాడు. అయిదుంబావు. బస్‌స్టాండుకు పావుగంట నడక. అవ్వ పంపించనూ లేదు, ఉండమననూ లేదు. అవతలి గట్టున ఇప్పుడు ఎవరూ లేరు. గేటు బయట రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, ఒక్కోటి పోయినప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి నిదానంగా కిందికి దిగుతోంది. అతను ఆ దుమ్ము మూడుసార్లు లేవడం, మూడుసార్లు దిగడం చూశాడు.

లేచి బ్యాగు తీసుకున్నాడు. శరణ్ ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు. కొత్తగా నేర్చిన విద్య.

చక్రి గేటు వైపు పోలేదు. మెట్లెక్కాడు. వెనకాల శరణ్ చెప్పుల చప్పుడు వచ్చింది. గదిలోకి పోయి బ్యాగు మంచం మీద పెట్టి, జిప్పు తెరిచి, చొక్కాలు, ప్యాంట్లు, తువ్వాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. అడుగున ఆగస్టులో అమ్మ పెట్టిన వేపాకులు పొడిపొడిగా రాలాయి. బట్టలు రెండు చేతులతో ఎత్తుకొని అలమర ముందుకు పోయి నిలబడ్డాడు. కింది రెండు అరలనిండా శరణ్ పుస్తకాలు.

మెలకువగానే ఉన్నాడు. అయినా నోటికి వచ్చింది తెలుగే.

"నీ పుస్తకాలు పక్కకు జరపాల్నా?"

శరణ్‌కు ఆ మాటల్లో ఒక్కటీ తెలియదు. ఆ చివరి రాగం మాత్రం తెలుసు, ఆరునెలలుగా తెల్లవారుజామున వింటున్నాడు.

"హూఁ," అన్నాడు.